శుక్రవారం మధ్యాహ్నం మూడింటిదాకా

మార్చి నెల. శ్రమ దినాల్లో ఒక శుక్రవారం. ఒంగోలు ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ప్రార్థన కొండ మీదికి పోయే దారిలో మనకు ముందు నలుగురు ఆడవాళ్లు నడుస్తున్నారు. చెప్పులు కిందే వదిలేశారు. మీరూ వదిలేశారు. నిన్నటి ఎండ రాళ్లలో ఇంకా మిగిలే ఉంది, అరికాళ్లకు వెచ్చగా తెలుస్తోంది. నలుగురిలో పెద్దావిడ పెదాలు కదుపుతూనే ఎక్కుతోంది. ఆయాసం వచ్చినచోట మోకాలి మీద చెయ్యి ఆనించి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఆమెను దాటిపోవాలని ఎవరికీ లేదు.

మీరు నిన్న రాత్రి ఎనిమిదింటికి తిన్నారు. మళ్లీ తినేది ఈ మధ్యాహ్నం మూడు దాటాక. ప్రస్తుతానికి ఆకలేమీ లేదు. కాఫీ పడలేదన్న వెలితి ఒక్కటే ఉంది. మంచినీళ్ల సీసా మాత్రం చేతిలో ఉండనివ్వండి. వీళ్ల సంఘంలో నీళ్లు మానమని ఎవరూ అనరు.

పైకొచ్చాం. తూర్పున, కొత్తపట్నం సముద్రం వైపు, ఆకాశం ఎర్రబడుతోంది. 1854 జనవరి 1న ఈ కొండ మీదే, ఇలాగే తెల్లవారుతున్న వేళ, ఐదుగురు మోకరించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి తెలుగు దేశంలో వాళ్ల మిషనుకు నెల్లూరు తప్ప చెప్పుకోదగ్గ చోటు లేదు. ఫలితం లేదు, మూసేద్దామా అన్న చర్చ కూడా అమెరికాలో అంతకుముందే జరిగింది. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ఆ ఐదుగురూ ఇక్కడ అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి.

పెద్దావిడ కొంగు తలమీదికి లాక్కుని రాతి మీద కూర్చుంది. ఆమె ప్రార్థన వినండి. తన పిల్లల పేర్లతో మొదలుపెట్టదు. కింద కనిపించే ఊరిని చూస్తూ ఒక్కొక్క చోటూ పేరు పెట్టి పిలుస్తుంది. రిమ్స్ ఆసుపత్రిలో మంచాల మీద ఉన్నవాళ్లు, వరండాలో పడుకున్న వాళ్ల తాలూకు మనుషులు. బస్టాండులో రాత్రంతా కూర్చున్నవాళ్లు. పొగాకు గ్రేడింగుకు పోయే ఆడకూతుళ్లు. చీమకుర్తి క్వారీల్లో రాయి కొట్టేవాళ్లు. ఇంటర్ పరీక్షలు రాస్తున్న పిల్లలు. చివరికెప్పుడో కొడుకు పేరు వస్తుంది. అప్పుడు ఆమె గొంతు తగ్గిపోతుంది, మనకు వినపడదు.

మీరు తూర్పుకే చూస్తున్నారు. ఆ పొలాల అవతల, సముద్రానికి ఇవతల, బకింగ్‌హాం కాలువ ఉంది. 1876లో వానలు తప్పాయి. అది ధాత నామ సంవత్సరం, అందుకే పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా ఆ కరువు వదల్లేదు. మద్రాసు రాజధానిలో లక్షలమంది పోయారు. 1877 మొదట్లో సర్కారు కరువు పనుల కూలిని తగ్గించి, పనిచేసే మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, పైన ఒక అణా చేసింది. పౌనంటే సుమారు 450 గ్రాములు. అంతమాత్రం తిని మట్టి తవ్వాలి, తట్టలు మొయ్యాలి. అప్పుడు క్లౌ దొర ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఊళ్ల నుంచి జనం, ఎక్కువగా మాదిగ పల్లెలవాళ్లు, నడిచి వచ్చి తవ్వారు. కూలి తీసుకుని బతికినవాళ్లు బతికారు, దారిలో పడిపోయినవాళ్లు పడిపోయారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మన ముందు కూర్చున్న ఈ నలుగురి ముత్తవ్వలు ఆ మట్టి మోసినవాళ్లు కావచ్చు. అలాంటి ఇళ్లల్లో, నాలుగైదు తరాల తర్వాత, డబ్బాలో బియ్యం ఉండి కూడా ఒక పూట పొయ్యి వెలిగించకుండా దేవుని ముందు కూర్చుంటున్నారు. ఆకలిని కావాలని ఎంచుకోవడం తిండి ఉన్నవాళ్లకే చెల్లుతుంది. ఊళ్లో ఎంచుకోకుండానే పస్తు ఉన్న మనిషి ఉన్నాడని మరిచిపోయిన ఉపవాసం మీద నాకు గౌరవం లేదు. ఈ నలుగురు మరిచిపోలేదు. అందుకే మిమ్మల్ని వీళ్ల వెంట తీసుకొచ్చాను.

దిగుదాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

పదిన్నర. వాడలో వీళ్ల చిన్న చర్చి. నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నేలంతా చాపలు పరిచారు. గుమ్మంలో ప్లాస్టిక్ బుట్ట ఉంది, అందులో ఫోన్లు వేస్తున్నారు. మీరూ వేయండి. మధ్యాహ్నం దాకా తీసేది లేదు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడు ఒకడు బుట్ట ముందు తటపటాయించి, స్క్రీన్ మీద చివరిసారి వేలు జరిపి, అందులో పెట్టేశాడు. అన్నం మానేయడం తేలికే, దీన్ని వదలడమే కష్టమని పక్కవాడితో అంటున్నాడు.

గుమ్మానికి ఇవతల పాస్టరమ్మగారు నిలబడ్డారు. చేతిలో నోటుబుక్కు. వచ్చిన ప్రతి మనిషినీ పలకరించాక ఒకే ప్రశ్న వేస్తున్నారు.

"బిళ్లలు వాడుతున్నావా అమ్మా?"

నీలం చీర కట్టుకున్న నడివయసు ఆవిడ తల దించుకుంది. "షుగరుదండీ. ఈ ఒక్క శుక్రవారమేగా అమ్మగారూ. దేవుడు చూసుకుంటాడులే."

"నిన్ను చూసుకోమనే దేవుడు నన్నిక్కడ నిలబెట్టాడు. పొద్దున ఏసుకున్నావా?"

"ఏసుకున్నా."

"ఏమన్నా తిన్నావా?"

జవాబు లేదు. పర్సులోంచి బిళ్లల అట్ట తీసి చూపించింది. గ్లిమెపిరైడ్. పాస్టరమ్మగారి ముఖం మారిపోయింది. లోపలికి కేకేశారు. రెండు నిమిషాల్లో స్టీలు గిన్నెలో నాలుగు ఇడ్లీలు, చట్నీ వచ్చాయి. ఆవిడ అందరి ముందూ తినడానికి సిగ్గుపడుతుంటే పాస్టరమ్మగారు కూడా ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు. చివరి ముక్క అయిపోయేదాకా లేవలేదు.

ఎందుకంత కంగారో చెప్పుకోవాలి. ఆ బిళ్ల మన క్లోమాన్ని ఇన్సులిన్ వదలమని తరుముతుంది. మనిషి తిన్నాడా లేదా అన్నది దానికి అక్కర్లేదు. తిండి లేకుండా ఆ బిళ్ల పడితే రక్తంలో చక్కెర 70 కంటే కిందికి జారిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. మోకాళ్ల మీద కళ్లు మూసుకుని ఉన్న మనిషిలో ఈ గుర్తుల్ని పక్కవాళ్లు పోల్చుకోలేరు. ఏదో ఆత్మావేశమనుకుని ఇంకా గట్టిగా స్తోత్రాలు చెప్పే ప్రమాదముంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లకూ ఇదే భయం. అలాంటప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పాస్టరమ్మగారి బల్ల సొరుగులో చక్కెర డబ్బా ఎప్పుడూ ఉంటుంది. బైబిలు పక్కనే దానికి చోటిచ్చిన ఈ మనిషిని నేను చాలా గౌరవిస్తాను.

నోటుబుక్కులో ఇంకా పేర్లు పడ్డాయి. మూడు నెలల బిడ్డతో వచ్చిన బాలింతకు, ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకు, బీపీ బిళ్లలతో పాటు కిడ్నీ మందులు వాడే పెద్దాయనకు ఉపవాసం లేదు. వాళ్లు తినేసి వచ్చి ప్రార్థనలో కూర్చుంటారు. ఎవరూ వాళ్లను తక్కువగా చూడరు. ఈ సంఘంలో అది గట్టి కట్టుబాటు. కతోలిక సంఘం నియమంలోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది. భస్మ బుధవారం, శుభ శుక్రవారం, ఈ రెండు రోజులే వాళ్లకు తప్పనిసరి ఉపవాసం. అదీ 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లకే. ఒక పూర్తి భోజనం, రెండు చిన్న పూటలు తినవచ్చు. రోగులకు, గర్భిణులకు మినహాయింపు.

పాట అందుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారి పాత కీర్తన. డోలక్ వాయించే కుర్రాడికి చరణాలన్నీ కంఠతా వచ్చు, కళ్లు మూసుకునే వాయిస్తున్నాడు. ఆడవాళ్లు ఒక స్వరం, వెనక కూర్చున్న మగవాళ్లు మరో స్వరం. రెండు శతాబ్దాల కిందట పుట్టిన ఆ కవి పాటలు ఈ రేకుల కప్పు కింద ఇంకా నడుస్తున్నాయి. మీరు ఏ సంఘంవారైనా మూడో చరణానికి మీ పెదాలు కదులుతాయి.

పదకొండున్నర దాటింది. ఇప్పుడు తెలుస్తుంది ఆకలి.

ముందు కణతల దగ్గర మొదలవుతుంది. రోజూ పడే కాఫీ పడలేదు గనక వచ్చే తలనొప్పి అది. తర్వాత కడుపులో ఒక అల లేస్తుంది. మీరు రోజూ భోజనం చేసే వేళ దగ్గరపడుతోంది కదా, ఆ వేళకు పొట్ట గ్రెలిన్ అనే హార్మోన్ వదులుతుంది. విచిత్రమేమిటంటే మీరు తినకపోయినా అది కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఆకలి అలా పెరుగుతూనే పోయేది కాదని ఉపవాసం అలవాటున్న ప్రతి ముసలమ్మకూ తెలుసు. ఈలోగా లోపల లివరు తన దగ్గర దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించి రక్తంలోకి వదులుతోంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి లివరులో అది సుమారు 100 గ్రాములుంటుంది. అది తరిగేకొద్దీ ఒళ్లు కొవ్వును వాడుకోవడం పెంచుతుంది. మధ్యాహ్నం మూడింటిదాకా అంటే పంతొమ్మిది గంటలు. ఆరోగ్యవంతుడికి ఇది ప్రమాదమేమీ కాదు. దీంతో జబ్బులన్నీ పోతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. ఇక్కడికి ఎవరూ బరువు తగ్గడానికి రాలేదు.

పాస్టరుగారు యెషయా 58వ అధ్యాయం తీయమన్నారు. పేజీలు తిప్పిన చప్పుడు. మేము ఉపవాసమున్నాం, నువ్వెందుకు చూడలేదని జనం దేవుణ్ని నిలదీసే అధ్యాయం అది. ఉపవాసం రోజునే మీరు మీ పనివాళ్లను పీడిస్తున్నారు, కొట్లాడుకుంటున్నారు అని దేవుడు తిరిగి అంటాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, కాడి మోసేవాడి కాడి విప్పడం, ఇల్లులేనివాణ్ని ఇంటికి తెచ్చుకోవడం తనకు కావలసిన ఉపవాసమంటాడు. పాస్టరుగారు దాన్ని పెద్దగా వివరించలేదు. చదివి, కళ్లజోడు తీసి, ఒకే మాట అడిగారు. "మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈరోజు సెలవిచ్చి వచ్చారా, ఆమెతో పని చేయించుకుని మీరు ఇక్కడికి వచ్చారా?" ఎవరూ తలెత్తలేదు. తర్వాత మెట్ట పొలాలున్న రైతు ఒకాయన లేచి, పోయిన వారం మిరప కోతల కూలి ఇద్దరికి బాకీ ఉన్నానని, సాయంత్రానికి ఇచ్చేస్తానని అందరి ముందూ చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు.

ఇంత ఘాటైన అధ్యాయాన్ని పక్కనబెట్టి ఉపవాసాన్ని బేరంగా మార్చినవాళ్లు మన చుట్టూ ఎంతమందో. ఇరవయ్యొక్క రోజులు ఉంటే ఇది దొరుకుతుంది, నలభై రోజులు ఉంటే అది దొరుకుతుంది అని పోస్టర్లు వేస్తున్నారు. దొరకనివాళ్లతో మీ విశ్వాసం చాలలేదు అంటున్నారు. అప్పటికే అప్పుల్లో, జబ్బుల్లో నలిగిన మనిషి మీద ఇంకో భారం వేయడమే అది. పన్నెండో శుక్రవారం నాడు ఉద్యోగమొస్తుందని ఏసు ఎక్కడా చెప్పలేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఆయన చెప్పింది, ఉపవాసమున్నప్పుడు ముఖం వేలాడేసుకోకండి, తలకు నూనె రాసుకోండి, ముఖం కడుక్కోండి, మీరు ఉపవాసమున్నట్టు మనుషులకు కనపడనివ్వకండి అని.

పన్నెండున్నర నుంచి అంతా ప్రార్థనాంశాలే. ఈ భాగం కోసమే చాలామంది వస్తారు. చిన్న చిన్న చీటీల మీద రాసి ఇచ్చేవాళ్లున్నారు, లేచి నోటితో చెప్పేవాళ్లున్నారు. ఇక్కడ గడియారం చూడకండి.

పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆవిడ ఒక పూట కూలి వదులుకుని వచ్చింది. చేతివేళ్లు ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి. భర్త తాగుడు గురించి చెబుతుందని అందరూ అనుకున్నారు, ఆ సంగతి అందరికీ తెలుసు గనక. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఫోన్‌లో అప్పిచ్చే యాప్ నుంచి పెద్దకొడుకు డబ్బు తీసుకున్నాడట. వాళ్లు ఫోన్ చేసి బంధువులందరికీ ఫొటోలు పంపుతామని బెదిరిస్తున్నారట. ఆమెకు రాత్రుళ్లు నిద్ర లేదు. పక్కన కూర్చున్న నలుగురు లేచి ఆమె మీద చేతులుంచారు. గట్టిగా, అందరూ ఒక్కసారే ప్రార్థించారు. అయిపోయాక వెనక నుంచి గవర్నమెంటు స్కూల్లో పనిచేసే మాస్టారు వచ్చి, సాయంత్రం కొడుకును తీసుకుని రమ్మని, పోలీసుస్టేషన్‌కు తను తోడు వస్తానని, సైబర్ ఫిర్యాదుకు 1930 నంబరు ఉందని చెప్పారు. ఆమె అప్పుడే ఏడ్చింది. మనిషికి కలిగే మేలు ఇలా కలుగుతుందని నేను నమ్ముతాను. ఒంటరిగా మోస్తున్న బరువును పది మంది విన్నారు, ఒకరు లేచి వచ్చారు. ఉపవాసం ఆ పదిమందికీ ఒక మధ్యాహ్నం మొత్తం ఖాళీ చేసిపెట్టింది. వంట లేదు, వడ్డన లేదు, ఫోన్ లేదు. వినడం ఒక్కటే పని.

తర్వాత లేచిన తల్లి మాట మిమ్మల్ని కలవరపెడుతుంది. గర్వంగానే చెప్పింది. "మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది అమ్మగారూ. వారం నుంచి ఏమీ తినలా. ఉపవాసమంటోంది. గదిలోంచి బయటికి రావట్లా. ఎంత భక్తో చూడండి."

పిల్ల పక్కనే ఉంది. కళ్ల కింద నల్లటి చారలు. ఎవరి వైపూ చూడడం లేదు. పాస్టరమ్మగారు మైకు ఆపేయమన్నారు. వెళ్లి ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నారు. మెల్లగా ఏలీయా కథ చెప్పడం మొదలుపెట్టారు. కర్మెలు కొండ మీద అంత ఘనకార్యం చేసిన ప్రవక్త, ఆ తర్వాత ప్రాణభయంతో అడవిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని, నాకు చావొస్తే బాగుండునని అడిగాడు. దేవుడు అతన్ని తిట్టలేదు, ప్రార్థన చెయ్యమనలేదు. దూతను పంపి కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు తలదగ్గర పెట్టించి, లేచి తినమన్నాడు. తిని మళ్లీ నిద్రపోయాడు. మళ్లీ లేపి తినమన్నారు. మాటలన్నీ ఆ తర్వాతే.

"నీకు చావాలనిపిస్తోందా తల్లీ?" అని పాస్టరమ్మగారు అడిగారు. సూటిగా, గొంతు తగ్గించి. పిల్ల తల ఊపింది. తల్లి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

ఆ పిల్ల ఉపవాసం అక్కడితో ముగిసింది. ముందు పండ్లరసం, కాసేపటికి మెత్తటి పెరుగన్నం, కొద్దికొద్దిగా. వారం తినని ఒంటికి ఒక్కసారి కడుపునిండా పెట్టకూడదు. పాస్టరమ్మగారు, తల్లి కలిసి ఆ మధ్యాహ్నమే ఆమెను రిమ్స్‌కు తీసుకువెళ్తారు. వెళ్లేముందు తల్లి చేతిలో ఒక కాగితం మీద 14416 అని రాసి పెట్టారు. అది టెలి మానస్ నంబరు, మానసిక బాధలో ఉన్నవాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. ప్రార్థన ఆగలేదు. వాళ్లు వెళ్లాక మిగిలినవాళ్లు ఆ పిల్ల కోసం చేశారు, పేరు మాత్రం ఎత్తలేదు. తిండి మానేయడం అన్నిసార్లూ భక్తి కాకపోవచ్చని, నిస్పృహకూ అదే ముఖం ఉండవచ్చని, ప్రతి సంఘంలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

రెండు గంటలు. ఆకలి ఇప్పుడు లేదు. ఒళ్లు తేలికగా ఉంది, కాళ్లు మాత్రం కాస్త బలహీనంగా తోస్తున్నాయి. నీళ్లు తాగండి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒక ముసలాయన కీర్తనల గ్రంథం నుంచి ఒక్కొక్క పాదం చదువుతున్నాడు, మిగిలినవాళ్లు ఊపిరి తీసుకుని నెమ్మదిగా తిరిగి పలుకుతున్నారు. పది నిమిషాలకు మీ శ్వాస కూడా ఆ పాదాల వెంటే పడింది. ఇటలీలో లూచియానో బెర్నార్డి అనే వైద్యుడి బృందం 2001లో దీనికి దగ్గరి సంగతే ప్రచురించింది. లాటిన్‌లో జపమాల చెప్పేవాళ్ల శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గిందని, రక్తపోటును సర్దుకునే శరీరపు తీరు మెరుగుపడిందని, యోగ మంత్రాలు చెప్పినా అదే జరిగిందని వాళ్లు కొలిచి చూపారు. ఈ ముసలాయనకు ఆ సంగతి తెలియదు. భార్య పోయినప్పటి నుంచి ఇలా చదవకపోతే తనకు మధ్యాహ్నం గడవదని మాత్రం చెబుతాడు.

తెల్లవారుజామున కొండ మీద కొడుకు పేరు దగ్గర గొంతు తగ్గించిన పెద్దావిడ గుర్తుందా. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ కొడుకు బతికి లేడు. అతని జబ్బు కోసం ఆమె ఎన్నో శుక్రవారాలు పస్తు ఉంది, అతను పోయాడు. పోయాక కూడా ఆమె రావడం మానలేదు. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసమున్నాడని, బిడ్డ పోయాడని తెలిశాక లేచి, స్నానం చేసి, దేవుని మందిరానికి వెళ్లి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడని రెండో సమూయేలు గ్రంథంలో ఉంది. ఆమెకు ఆ అధ్యాయం ఇష్టం. ఎందుకని అడిగితే, "అందులో దేవుడు ఎందుకిట్టా చేశాడో చెప్పలా. ఆయన మళ్లీ అన్నం తిన్నాడు, అంతే" అంది. ఇప్పుడు ఆమె ప్రార్థించేది రిమ్స్‌లో ఉన్న ఇతరుల కొడుకుల కోసం. మీరు ఇక్కడ ఇంకేమీ అడగకండి, నేనూ అడగలేదు.

మూడయింది. ఆశీర్వాదం చెప్పారు. అందరూ లేచి చాపలు చుట్టేస్తున్నారు.

ముందు మజ్జిగ. పలచగా, ఉప్పు వేసి, నిమ్మాకు నలిపి కలిపారు. ఒక్క గుక్కలో తాగేయొద్దని వడ్డించే ఆవిడ ప్రతి ఒక్కరికీ చెబుతోంది. తర్వాత అన్నం, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి. నూనె వేపుళ్లు ఈ రోజు ఉండవు. ఖాళీ కడుపు మీద మసాలాలు, మాంసం పడితే రాత్రంతా మంటలు పడాలి. మొదటి ముద్ద పప్పన్నం నోట్లో పెట్టుకుని చూడండి. రోజూ తినేదే. ఇంత రుచి దానికి ఎప్పుడూ ఉన్నది, మీరు ఆగి తినలేదంతే.

అన్నం తింటుండగానే చర్చి మూల బస్తా దగ్గరికి ఒక్కొక్కరూ వెళ్తున్నారు. ఈ సంఘంలో ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. శుక్రవారం మానేసిన పూట బియ్యం మొత్తం అందులో కలుస్తుంది. మిజోరంలో 1910 నుంచి క్రైస్తవ కుటుంబాలు ఇలాగే గుప్పెడు బియ్యం తీసిపెడుతున్నాయి, అక్కడి సంఘాల పెద్ద ఆదాయాల్లో అదొకటైంది. ఇక్కడ లెక్క చిన్నది. బస్తా సగం దాటింది. మంచానపడ్డ క్వారీ కూలీ ఇంటికి, చిన్నపిల్లలతో మిగిలిపోయిన ఒంటరి తల్లి ఇంటికి చీకటి పడ్డాక చేరుతుంది. రెండో ఇల్లు క్రైస్తవులది కాదు. తీసుకెళ్లేది ఎవరో, ఎవరింటికో మైకులో చెప్పరు. మొదటి శతాబ్దం చివరినాటిదని చాలామంది పండితులు చెప్పే దిదాఖే అనే చిన్న పుస్తకం క్రైస్తవులను బుధ, శుక్రవారాల్లో ఉపవాసముండమంది. శుక్రవారం ఉపవాసం అంత పాతది. తినకుండా మిగిల్చింది బీదలకు చేరాలన్న బోధా పాతదే. ఐదో శతాబ్దంలో రోము బిషప్పు మహా లియో తన ఉపవాస ప్రసంగాల్లో పదేపదే చెప్పింది ఇదే.

నీలం చీర ఆవిడ బుట్టలోంచి ఫోన్ తీసుకుంటూ పాస్టరమ్మగారి కోసం అటూ ఇటూ చూసింది. ఆమె రిమ్స్ నుంచి ఇంకా రాలేదు. "వచ్చే వారం డాక్టరును అడిగొస్తానని చెప్పండి" అని వడ్డించే ఆవిడతో చెప్పి వెళ్లింది.

మీ సంఘంలోనూ శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉండే ఉంటుంది. ఈ వారం వెళ్లండి. షుగరు, బీపీ, కిడ్నీ, ఫిట్స్ మందులు వాడుతుంటే ముందు మీ డాక్టరును అడగండి, ఆయన వద్దంటే తినే వెళ్లండి. గుమ్మంలో నిలబడి బిళ్లల సంగతి అడిగే మనిషి మీ చర్చిలో లేకపోతే, ఆ పని మీరే మొదలుపెట్టండి. మానేసిన పూట బియ్యం కొలిచి, మీ వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కనుక్కుని, ఆ సాయంత్రమే చేర్చండి.